ఆశ్రయపురాలు: కనికరమా, శిక్షా?

చదువరి: బైబిల్లో ద్వితీయోపదేశకాండం 19లో ఒకడు కట్టెలు కొడుతుంటాడు. గొడ్డలి పిడి నుంచి ఊడి తోటివాడికి తగులుతుంది, ప్రాణం పోతుంది. పగ లేదు, పన్నాగం లేదు. అయినా అతను ఇల్లూ పొలమూ వదిలి ఆశ్రయపురానికి, అంటే పొరపాటున చంపినవాడికి రక్షణ ఇచ్చే ఊరికి, పారిపోవాలి. సంఖ్యాకాండం 35 ప్రకారం ప్రధాన యాజకుడు (పూజారుల పెద్ద) చనిపోయేదాకా అక్కడే ఉండాలి. పొలిమేర దాటితే ప్రతిహత్య చేసేవాడు (పగ తీర్చుకునే బంధువు) చంపినా దోషం లేదు. ఇది కనికరం ఎలా అవుతుంది?

కొండదారి: పోలీసులు లేని కాలమండీ అది. చనిపోయినవాడి దగ్గరి బంధువే కత్తి పట్టుకుని బయల్దేరేవాడు. ఆ కోపానికీ పారిపోయేవాడికీ మధ్య ఒక విచారణ పెట్టడమే పెద్ద విషయం. ఆ ఊళ్లు ఆరు: యొర్దాను నదికి పడమట కెదెషు, షెకెము, హెబ్రోను. తూర్పున బేసెరు, రామోతు, గోలాను. దూరమైతే దారిలోనే దొరికిపోతాడని దేశాన్ని మూడు భాగాలు చేసి, దారులు సిద్ధం చేయమన్నారు. పరదేశికీ ఇదే రక్షణ.

చదువరి: దారుల సంగతి ఒప్పుకుంటాను. గడువు మాటేమిటి? యాజకుడు ముసలివాడైతే త్వరలో విడుదల, కుర్రవాడైతే జీవితమంతా అక్కడే. డబ్బు కట్టి బయటపడే వీలూ లేదు.

నీలిసిరా: డబ్బు వద్దనడమే ఇందులో నాకు బాగా నచ్చింది. లేకపోతే ఉన్నవాడు పరిహారం చెల్లించి ఇంటికెళ్తాడు, పేదవాడే మిగులుతాడు. కావాలని చంపినవాడికీ డబ్బుతో విడుదల లేదు. కావాలని హత్యలు చేసిన సేనాపతి యోవాబు రక్షణ కోసం బలిపీఠపు కొమ్ములు పట్టుకున్నా సొలొమోను రాజు వదల్లేదు. కానీ గడువు విషయంలో చదువరి గారి బాధ పాతదే. యూదుల పాత ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో మక్కోత్ భాగం చూడండి. ప్రధాన యాజకుల తల్లులు ఆశ్రయపురాల్లో ఉన్నవాళ్లకు తిండీ బట్టా ఇచ్చేవారట, తమ కొడుకులు చావాలని వాళ్లు ప్రార్థించకుండా.

చదువరి: నేననేదీ అదే. ఇంకొకరి చావు కోసం మనిషి ఎదురుచూసేలా చేయడం ఏం న్యాయం?

కొండదారి: ఒక్కసారి చనిపోయినవాడి ఇంటివైపు నుంచి చూడండి. పొరపాటేనని తేలిన మర్నాడే ఆ మనిషి వచ్చి ఎదురింట్లో ఉంటే ఆ తల్లి ఏమవ్వాలి? అతన్ని చంపనివ్వలేదు, ఆమె కళ్లెదుట తిరగనివ్వలేదు. పైగా ఆశ్రయపురం చెరసాల కాదు, దేవుని సేవ చేసే గోత్రంవాళ్లు, లేవీయులు, కాపురముండే ఊరు. శిష్యుడు అక్కడికి వెళ్తే గురువూ వెంట వెళ్లాలన్నారు తల్ముదు (మిష్నాపై చర్చల గ్రంథం) పెద్దలు, చదువు లేని బతుకు బతుకు కాదని.

చదువరి: ఆ తల్లి గురించి నేను ఆలోచించలేదు, నిజమే. దూరంగా ఉంచడం న్యాయమే అనిపిస్తోంది. గడువు మాత్రం అందరికీ ఒకేలా ఉండాల్సిందనే ఇప్పటికీ అంటాను.