పడకగదిలోని కొద్దిపాటి వెలుతురు నిద్రను చెడగొడుతుందా?

నమస్కారం. కొన్ని నెలలుగా నాకు రాత్రి మూడు గంటల ప్రాంతంలో మెలకువ వస్తోంది, ఆ తర్వాత తెల్లవారేదాకా కలత నిద్రే తప్ప గాఢనిద్ర పట్టడం లేదు. సాయంత్రం కాఫీ మానేశాను, పడుకునే వేళ మార్చలేదు. అందుచేత నా అనుమానం ఇప్పుడు వెలుతురు మీదికి మళ్లింది. కిటికీ తెరకూ గోడకూ మధ్య ఉన్న వేలెడు సందులోంచి వీధిదీపపు తెల్లని కాంతి సన్నని చారలా సరిగ్గా నా దిండు మీద పడుతుంది.

కంటి రెటీనాలో మెలనాప్సిన్ అనే, కాంతిని పసిగట్టే పదార్థం ఉన్న కణాలు దాదాపు 480 నానోమీటర్ల నీలి కాంతికి ఎక్కువగా స్పందించి, మెదడులోని జీవగడియారానికి సంకేతం పంపి, నిద్రకు తోడ్పడే హార్మోన్ అయిన మెలటోనిన్‌ను తగ్గిస్తాయని చదివాను. 2022లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, 100 లక్స్ (లక్స్ అంటే వెలుతురు తీవ్రతకు కొలమానం) వెలుతురులో ఒక్క రాత్రి నిద్రించినవారికి గుండె వేగం పెరిగిందనీ, మర్నాడు ఉదయం ఇన్సులిన్ నిరోధకత (ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించకపోవడం) ఎక్కువైందనీ తేలింది. ఇది చదివాక నిజంగా దిగులు పట్టుకుంది. అయితే నా గదిలో వెలుతురు అంతకంటే చాలా తక్కువ. మూసిన రెప్పల గుండా అంత మసక కాంతి కూడా నిద్రను భంగపరుస్తుందా అన్నదే నా ముఖ్య ప్రశ్న.

మా పాపకు చీకటంటే భయం కనుక బెడ్‌లైటు పూర్తిగా ఆర్పలేను. దాని బదులు ఎర్రని చిన్న బల్బును నేలకు దగ్గరగా, మంచం చాటున పెడితే సరిపోతుందా? కిటికీకి మందపాటి తెరలు వేసినవారికి తేడా ఎన్నాళ్లకు తెలిసింది, గది మరీ చీకటైతే ఉదయం లేవడం కష్టమైందా? కళ్లకు గంతలు నాకు రాత్రంతా నిలవడం లేదు. అనుభవమున్నవారు దయచేసి తెలియజేయండి.