అప్‌డేట్: పార్పాయిస్ క్లిక్కులు దొరికాయి

పోయినవారం అడిగింది ఇదీ: డెన్మార్క్ జలాల హార్బర్ పార్పాయిస్ (డాల్ఫిన్‌ను పోలిన చిన్న సముద్ర జీవి) రికార్డింగులు బెజవాడలో మా ల్యాబ్‌లో తెరిస్తే అది ఎర వెతకడానికి చేసే పొట్టి శబ్దం, అంటే క్లిక్కు, ఒక్కటీ కనబడట్లేదని. మీలో ఒకరు అనుమానించినట్టే తప్పు శాంప్లింగ్ రేటుది, అంటే శబ్దాన్ని సెకనుకు ఎన్నిసార్లు కొలిచారన్నది. మేం దించుకున్నవి 96 కిలోహెర్ట్జ్‌కి కుదించిన ఫైళ్లు. వాటిలో ఆ రేటులో సగం, అంటే 48 కిలోహెర్ట్జ్ పైన ఏదీ మిగలదు. ఈ జీవి క్లిక్కేమో 130 దగ్గర, 100 కింద దాదాపు శూన్యం. కుదించని అసలు 384 కిలోహెర్ట్జ్ ఫైళ్లు తెరవగానే క్లిక్కులు బయటపడ్డాయి.

అయినా శబ్దాన్ని బొమ్మగా గీసేటప్పుడు ఎఫ్‌ఎఫ్‌టీ (ఒక్కో విడత లెక్కలోకి తీసుకునే శాంపిళ్ల సంఖ్య) 512 పెడితే అలికేసిన మరకలే. క్లిక్కు నిడివి మిల్లీసెకనులో సుమారు పదో వంతు, ఆ 512 శాంపిళ్ల ముక్కేమో 1.33 మిల్లీసెకన్లు మరి! 128కి దించితే సన్నటి గీతలు విడివిడిగా వచ్చాయి. 20 రెట్లు నెమ్మదిస్తే 6.5 కిలోహెర్ట్జ్‌లో చెవికే వినబడతాయి. వెతికేటప్పుడు టిక్కు టిక్కుమంటాయి. చేప దగ్గరపడి క్లిక్కుల ఎడం 10 మిల్లీసెకన్ల లోపుకు పడితే పోపులో ఆవాలే.

184 కిలోహెర్ట్జ్ దగ్గర ఇంకో గీత ఉంటే మోసపోకండి. పడవల ఫిష్ ఫైండర్ (చేపల్ని శబ్దంతో వెతికే పరికరం) తరచూ 200లో మోగుతుంది, ఫిల్టర్ సరిగా ఆపకపోతే 384లోంచి 200 పోయి 184 దగ్గర మడతపడి తప్పుగా కనబడుతుంది. దాని ఎడం గడియారంలా సమానం. పార్పాయిస్‌ది క్షణక్షణానికీ మారుతుంది.