ప్రపంచ చరిత్ర వ్యాసాలు: కంఠస్థం చేయాలా, సొంతంగా రాయాలా?

పలమనేరు అమ్మాయి

తిరుపతిలో డిగ్రీ చదువుతున్నాను, తెలుగు మాధ్యమం. ఇరవయ్యో శతాబ్దపు ప్రపంచ చరిత్ర పేపరుకు ఇంకా 24 రోజులే గడువు. మూడు గంటల్లో ఐదు పెద్ద వ్యాసాలు, వాటితో పాటు కొన్ని చిన్న ప్రశ్నలు రాయాలి. హాస్టల్లో సీనియర్ అక్క తన నోట్సు నా చేతిలో పెట్టి, “ఇందులో పన్నెండు వ్యాసాలున్నాయి. అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పగలిగితే నీకు భయం లేదు” అంది. మా మేడం మాత్రం ఆ నోట్సు పక్కన పెట్టమంటున్నారు.

పోయిన నెల కళాశాలలో పెట్టిన పరీక్షకు అక్క చెప్పినట్టే చదివాను. మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ప్రశ్న మాత్రం “యూరప్ కూటములే ఆ యుద్ధానికి ప్రధాన కారణమనడం ఎంతవరకు సమంజసం?” అని వచ్చింది. నేర్చుకున్న ఆరు పేజీలూ రాసి వచ్చాను. పదికి నాలుగు వేశారు. రాసినదాంట్లో తప్పేమీ లేదట, అడిగినదానికి జవాబు లేదట. అలాగని కంఠస్థం మానేస్తే పరీక్ష గదిలో చేయి ఆడదేమోనని భయంగా ఉంది. ఏ దారి మంచిదో చెప్పండి.

చిత్తూరు, గ్రూప్స్ అభ్యర్థి

కంఠస్థం మానకు చెల్లీ. ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. బట్టీ అనగానే చిన్నచూపు చూసేవాళ్లలో చాలామంది ఇంట్లో పుస్తకాల మధ్య పెరిగినవాళ్లు. మా ఇంట్లో నాకు ముందు ఒక పేజీ నిండా రాసిన మనిషి లేడు. “సామ్రాజ్యవాద శక్తుల మధ్య వైరం” లాంటి మాట మా ఊళ్లో ఎవరి నోటా వినలేదు. అలాంటి వాక్యం రాయడం నాకు వ్యాసాలు నోటికి నేర్చుకోవడం వల్లే పట్టుబడింది. వేమన పద్యాలు మనం ఎలా నేర్చుకున్నాం? ముందు నోటికి వచ్చాయి, అర్థం ఏళ్ల తర్వాత తెలిసింది. ముందే అర్థం కావాలని పట్టుబట్టి ఉంటే ఒక్క పద్యమూ మిగిలేది కాదు.

పేపరు దిద్దేవారి దగ్గర ఏ ప్రశ్నకు ఏ అంశాలుండాలో రాసిన కాగితం ఉంటుంది. అవి కనబడకపోతే నీ సొంత ఆలోచనకు మార్కులు పడవు. పైగా ఒక్కో వ్యాసానికి దొరికేది అరగంట. అంత తక్కువ సమయంలో కొత్తగా ఆలోచించి, వాక్యాలు పేర్చి, తేదీలు గుర్తు చేసుకోవడం ఎంతమందికి సాధ్యం?

విశ్రాంత అధ్యాపకుడు, తిరుపతి

భాష గురించి చిత్తూరు మిత్రుడు చెప్పినదానికి నేను తల వంచుతాను. ఏళ్ల తరబడి పాఠం చెప్పి, వేసవి వేసవికి మూల్యాంకన కేంద్రంలో కూర్చుని కట్టలకు కట్టలు దిద్దినవాణ్ని. ఆ భయం ఎంత నిజమైనదో పేపర్ల మీద చేతిరాతలోనే కనబడేది. అయినా ఆయన చెప్పిన దారి సగం వరకే పోతుంది.

కంఠస్థం తప్పు కాదమ్మా. సాక్ష్యాలు ఎన్నయినా నోటికి నేర్చుకో. తీర్పు మాత్రం పరీక్ష గదిలో, ప్రశ్న చూశాక ఇవ్వు. నీ సీనియర్ నోట్సులో సాక్ష్యం, తీర్పు ఒకదానికొకటి కుట్టేసి ఉన్నాయి. ప్రశ్న కొంచెం మారగానే నీకు విప్పడం తెలియలేదు.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక జర్మనీతో కుదిరిన వర్సెయిల్స్ సంధి మీద ఒక ప్రశ్న తీసుకుందాం: “వర్సెయిల్స్ సంధి వల్లనే హిట్లర్ అధికారంలోకి వచ్చాడా?” నేను దిద్దిన పేపర్లలో చాలా భాగం ఒకే వరసలో నడిచేవి. 1919 జూన్ 28న సంధి, యుద్ధ బాధ్యతను జర్మనీ మీద మోపిన 231వ అధికరణం, 1921లో నిర్ణయించిన 13,200 కోట్ల బంగారు మార్కుల పరిహారం, జర్మన్లకు అవమానం, అందుచేత హిట్లర్. ఇందులో ప్రతి వాక్యమూ నిజమే. చివరి “అందుచేత” ఒక్కటే నిలబడదు.

ఎందుకంటే 1928 ఎన్నికల్లో హిట్లర్ నాజీ పార్టీకి జర్మన్ పార్లమెంటులో వచ్చినవి 12 స్థానాలు. సంధి కుదిరి అప్పటికి తొమ్మిదేళ్లు. అవమానమే ఓట్లు తెచ్చిపెట్టేదైతే 1928లో ఎందుకు తేలేదు? రెండేళ్లు తిరిగేసరికి, 1930 సెప్టెంబరులో, అవి 107 అయ్యాయి. ఆ రెండేళ్ల మధ్యలో 1929 అక్టోబరు ఉంది. న్యూయార్క్ స్టాక్ మార్కెట్ కూలింది, అమెరికా అప్పుల మీద నిలబడిన జర్మన్ పరిశ్రమ కుప్పకూలింది. 1932 ఆరంభానికి అక్కడ నిరుద్యోగులు 60 లక్షలు. ఆ ఏడు జూలైలో నాజీలకు 230 స్థానాలు వచ్చాయి.

ఇక్కడితో ఆగితే ఆ ఆర్థిక మాంద్యమే కారణమని తేల్చేస్తాం. ఇంకొక్క అంకె చూడండి. 1932 నవంబరులో మళ్లీ ఎన్నికలు జరిగితే వాళ్ల స్థానాలు 196కు పడిపోయాయి. బలం తగ్గి మూడు నెలలు తిరక్కముందే, 1933 జనవరి 30న, హిట్లర్ చాన్సలర్ (ప్రభుత్వాధినేత) అయ్యాడు. 230 ఉన్నప్పుడు రాని పదవి 196 ఉన్నప్పుడు ఎలా వచ్చింది? అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ చుట్టూ చేరిన మాజీ చాన్సలర్ పాపెన్ వంటివారు, హిట్లర్‌ను తమ చెప్పుచేతల్లో ఉంచుకోగలమని నమ్మి ఆ పదవి ఇప్పించారు. 12, 107, 230, 196. ఈ నాలుగు అంకెలు నోటికి వస్తే, ఈ విషయం మీద ప్రశ్న ఎటు తిప్పి అడిగినా నీకు చెప్పడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఆరు పేజీల నోట్సు ఆ ధైర్యం ఇవ్వదు.

చిత్తూరు, గ్రూప్స్ అభ్యర్థి

సార్, ఆ అంకెలు రాసుకున్నాను. నా సందేహం తీరలేదు. గైడులో వర్సెయిల్స్ అని ఉంటే, పిల్లలు “అది చాలదు” అని రాస్తే, దిద్దేవారందరూ మీలాగే ఓపికగా చదువుతారా?

విశ్రాంత అధ్యాపకుడు, తిరుపతి

అందరూ చదవరు, ఆ మాట ఒప్పుకుంటాను. అందుకే దేన్నీ వదిలేయమని నేను చెప్పలేదు. సంధి, మాంద్యం, అప్పటి జర్మనీ వైమర్ రాజ్యాంగంలో అధ్యక్షుడికి అత్యవసర అధికారాలిచ్చిన 48వ అధికరణం, నాజీల ప్రచారం అన్నీ వ్యాసంలో ఉండాలి. కాగితంలోని అంశాలు వెతికేవారికి అవి కనబడతాయి, వాదన వెతికేవారికి వాదనా కనబడుతుంది. సంధి మీద కోపం 1923లోనూ ఉంది, ఆ నవంబరులో మ్యూనిక్‌లో హిట్లర్ తిరుగుబాటు చేసి విఫలమయ్యాడు. అదే కోపం పదేళ్ల తర్వాత ఎందుకు ఫలించిందో రెండు వాక్యాల్లో చెబితే చాలు.

శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం (ఎస్వీయూ), ఎం.ఏ. చరిత్ర

చెల్లీ, నేను చేసిన పద్ధతి చెబుతాను. ప్రతి అంశానికీ ఒక్క అర ఠావు కాగితం పెట్టుకున్నాను. దాని మీద ఏడెనిమిది తేదీలు, మూడు నాలుగు పేర్లు, ఒకటి రెండు అంకెలు, అంతకు మించి రాయలేదు. తర్వాత ఆ ఒక్క కాగితంతోనే మూడు వేర్వేరు ప్రశ్నలకు మొదటి పేరా మాత్రం రాసేదాన్ని. ఉదాహరణకు ప్రచ్ఛన్న యుద్ధం. “కారణాలు వివరించండి” అంటే ఒక మొదలు, “దానికి అమెరికాయే బాధ్యత వహించాలా?” అంటే ఇంకో మొదలు, “ఆసియా మీద దాని ప్రభావం” అంటే 1950 కొరియా నుంచి మొదలు. మొదటి పేరా కుదిరిందంటే మిగతాది దానంతటదే నడుస్తుంది. మొదటి పేరాలో ప్రశ్నలోని మాట ఒక్కటీ లేకపోతే దారి తప్పామని అప్పుడే తెలిసిపోతుంది.

తేదీలు గుర్తుండటానికి మన వైపు సంగతులతో ముడి వేసుకున్నాను. పారిస్ శాంతి సమావేశం 1919 జనవరిలో మొదలైంది. ఫిబ్రవరిలో టాగూర్ మదనపల్లెలో ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించారు. ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్. జూన్ 28న వర్సెయిల్స్‌లో సంతకాలు, ఆ సంతకాల్లో భారత్ తరఫున బికనీర్ మహారాజు గంగాసింగ్‌దీ ఒకటి. జాతులకు స్వయం నిర్ణయాధికారం అని అక్కడ మాట్లాడుతున్న నెలల్లోనే ఇక్కడ కాల్పులు జరిగాయి. అది తెలిశాక ఆ ఏడాది నాకు ఎప్పటికీ మరపు రాలేదు. క్యూబా సంక్షోభమూ అంతే. 1962 అక్టోబరులో క్యూబాలోని సోవియట్ క్షిపణుల గురించి అమెరికా ప్రభుత్వం తర్జనభర్జన పడుతుండగానే, 20వ తేదీన మన సరిహద్దులో చైనా యుద్ధం మొదలైంది.

చిత్తూరు, గ్రూప్స్ అభ్యర్థి

సాక్ష్యం, తీర్పు వేరు చేయాలన్న మాట నాకు నచ్చింది. అయినా ఒక పట్టు వదలను. అర ఠావు కాగితం నుంచి వాక్యం పుట్టించగలగడానికి ముందు మంచి వాక్యాలు కొన్ని నోట్లో ఆడాలి. చెల్లీ, పన్నెండు వద్దు, బాగా రాసిన రెండు వ్యాసాలు పూర్తిగా నేర్చుకో. పరీక్షలో అవి దింపడానికి వద్దు, ఆ నడక నీ చేతికి రావడానికి.

పలమనేరు అమ్మాయి

సార్, అక్కా, అన్నా, అందరికీ నమస్కారాలు. నిన్న రాత్రి నాలుగు మార్కులు వచ్చిన ఆ ప్రశ్ననే మళ్లీ తీసుకున్నాను. నోట్సు మూసేసి తేదీలు మాత్రం రాసుకున్నాను. 1914 జూన్ 28 సారాయెవోలో ఆస్ట్రియా యువరాజు హత్య, జూలై 23 సెర్బియాకు ఆస్ట్రియా హెచ్చరిక, 28న యుద్ధ ప్రకటన, ఆగస్టు 1న రష్యా మీద, 3న ఫ్రాన్స్ మీద జర్మనీ యుద్ధ ప్రకటనలు, 4న బ్రిటన్ రాక. హత్యకూ హెచ్చరికకూ నడుమ 25 రోజులున్నాయని నాకు ఇన్నాళ్లూ తెలియనే లేదు. కూటములు వాటంతటవే లాక్కుపోయి ఉంటే అన్ని రోజులు ఎందుకు పడతాయి?

ఇంకొకటి కూడా దొరికింది. ఇటలీ 1882 నుంచి జర్మనీ, ఆస్ట్రియాలతో కూటమిలో ఉంది. 1914లో తటస్థంగా ఉండిపోయింది, 1915 మేలో ఎదుటి పక్షాన యుద్ధంలో దిగింది. ఇది నా నోట్సులోనే ఉంది, నేనే ఎన్నోసార్లు అప్పజెప్పాను. కూటమి ఉన్నంత మాత్రాన యుద్ధంలోకి దిగి తీరాలని లేదని చెప్పడానికి ఇదే సాక్ష్యమని నిన్నే తెలిసింది. వ్యాసం నాలుగు పేజీలు వచ్చింది, రాయడానికి 50 నిమిషాలు పట్టింది. ఈ రోజు గడియారం ముందు పెట్టుకుని మళ్లీ రాస్తాను.

సార్, ఒక్క చోట ఆగిపోయాను. బ్రిటన్ యుద్ధంలోకి రావడానికి బెల్జియం తటస్థతకు 1839లో ఇచ్చిన హామీని కారణంగా చూపింది కదా. దాన్ని కూటముల కింద రాయాలా, విడిగా రాయాలా?