ఆర్మీనియా పోతున్నం, అమ్మానాయినలతోని వారం రోజుల్ల ఏమేం చూడొచ్చు?

పానగల్లు ఆడపడుచు:
అందరికి నమస్తే. మా తల్లిగారిల్లు నల్లగొండ, నేను మిర్యాలగూడల ఉంటున్న. మా తమ్ముడు ఆర్మీనియా రాజధాని యెరెవాన్ల ఎంబీబీఎస్ చదువుతుండు. సెప్టెంబర్ల వాని దగ్గరికి అమ్మను, నాయినను తీస్కపోదామనుకుంటున్న. వారం రోజులు ఉంటం. నాయిన సాగర్ ఎడమ కాల్వ కింద ఎవుసం చేసిన మనిషి, పాత గుళ్లంటే పానం. ఛాయాసోమేశ్వరాలయంల నీడ ఎట్ల పడ్తదో ఇంటికొచ్చిన సుట్టాలందరికి దగ్గరుండి చూపిస్తడు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నీసు ముట్టదు. ట్రావెల్స్ ఆయన ఇచ్చిన ప్యాకేజీల రోజుకు నాలుగైదు చోట్లున్నయి, అన్నీ చర్చిలే. ఏవి తప్పకుండ చూడాలె, ఏవి ఒదిలేసినా ఏం కాదు? పోయొచ్చినోళ్లు చెప్పుండ్రి.

సూర్యాపేట డాక్టర్:
అక్కా, నేను అక్కడ్నే చదివి వచ్చిన. ఊర్ల తిరగడానికి ఫోన్ల యాండెక్స్ ట్యాక్సీ యాప్ పెట్టుకోండి, బేరం ఆడే పనుండదు. కాస్కేడ్ అని 572 మెట్ల కట్టడం ఉంటది. లోపల ఎస్కలేటర్లున్నయి, అమ్మ మెట్టెక్కకుండనే పైకి రావొచ్చు. మబ్బు లేకుంటే ఆరారత్ కొండ నిండుగ కనిపిస్తది. ఆ కొండ ఇప్పుడు టర్కీల ఉన్నది, ఎత్తు 5,137 మీటర్లు.

మాతెనదరాన్ మాత్రం ఒదలకండి. రాతప్రతుల భాండాగారం అది, 23 వేల దాకా ఉన్నయి. అండ్ల 28 కిలోల తోలు కాయితాల పుస్తకం ఒకటున్నది. 1915ల ఆర్మీనియన్ల ఊచకోత జరిగినప్పుడు ఇద్దరు ఆడోళ్లు దాన్ని రెండు భాగాలు చేసి, చెరొకటి మోసుకొని కాపాడిండ్రు.

తిండికి రందివడకండి. లవాష్ రొట్టె, మత్సున్ అనే పెరుగు, తాన్ అంటే మన మజ్జిగే. రకరకాల ఆకుకూరలు పెట్టి కాల్చే జింగ్యలోవ్ హత్స్ అమ్మకు నచ్చుతది. హోటల్ల "పసుత్స్" అని అడుగుండ్రి, మాంసం, పాలు, గుడ్డు లేనియి చూపిస్తరు.

మక్తల్ రాతిపని:
చెల్లే, నేను యెరెవాన్ల కట్టడాల మీద రాతిపని చేసిన. ఐతవారం వచ్చిందంటే మార్ష్రుత్కా వ్యాన్ ఎక్కి ఏదో ఒక దిక్కు పోయేటోన్ని. ఆ ఊరు ఎక్కువ భాగం గులాబిరంగు టఫ్ రాయితోని కట్టిందే. అగ్నిపర్వతం బూడిద గట్టిపడి అయిన రాయి అది, తేలికగ ఉంటది, రంపంతోని కోస్తరు. మన దేవరకొండ దిక్కు రాయి కొట్టిన చేతులకు అది పట్టుకుంటే బరువే తెల్వది.

మీ నాయిన పాత గుళ్లు ఇష్టపడ్తడు కాబట్టి చెప్తున్న, ప్యాకేజీల సగం కొట్టేయుండ్రి. గార్ని, గెఘార్డ్ రెండిటికి ఒక రోజు పూర్తిగ ఇయ్యుండ్రి. గార్ని యెరెవాన్‌కు 28 కిలోమీటర్లే. అది చర్చి కాదు. ఒకటో శతాబ్దంల నల్లరాయితోని కట్టిన గుడి, సుట్టు 24 స్తంభాలు, సూర్యునిదని ఎక్కువమంది నమ్మకం. 1679ల భూకంపం వచ్చి కూలింది. 1969 నుంచి 1975 దాకా అవే రాళ్లను ఏరి మల్ల నిలబెట్టిండ్రు. మీ నాయినను గోడకు దగ్గరగ తీస్కపోయి చూపియ్యుండ్రి. పాత రాయి మీద నగిషీ ఉంటది. దొరకని చోట పెట్టిన కొత్త రాయిని చదునుగ ఒదిలిండ్రు. ఏది మిగిలింది, ఏది పోయింది, చెయ్యి పెట్టి చెప్పొచ్చు. మా పెదనాయిన కూడవెల్లి సంగమేశ్వరం గుడిని శ్రీశైలం నీళ్లల్ల మునగకుండ అలంపురానికి మార్చిన పనికి కూలికి పోయిండు. ఒక్కొక్క రాయికి నంబరేసి, విప్పి, తెచ్చి పేర్చిండ్రు. ఆ పని తెలిసినోనికి గార్ని గోడ ముందల గంట నిలవడ్డా తనివి తీరది. మెట్లు తొమ్మిదే గాని ఒక్కోటి అడుగెత్తు, అమ్మ కింద్నే కూసుంటే మంచిది.

గుడి పక్కన రాజుల కాలంనాటి స్నానాల గది ఉన్నది. దాని నేల మీద రంగురాళ్లు పొదిగి సముద్ర దేవతలను, చేపలను చేసిండ్రు. మీద గ్రీకుల ఒక మాట రాసున్నది: "ఏమీ తీసుకోకుండ పనిచేసినం." ఎవలు రాసిండ్రో, ఎందుకు రాసిండ్రో తెల్వది. రాజుకు పొగడ్త ఉండాల్సిన జాగల పనోళ్ల మాట ఉండుడు నేను ఇంకెక్కడ చూడలే. గైడ్లు దీన్ని దాటేసి పోతరు, మీరు అడిగి చూడుండ్రి.

గెఘార్డ్ మఠంల కొండనే తొలిచి గదులు చేసిండ్రు. లోపల ఒక దాంట్ల ఊట నీళ్లు పారుతుంటయి. అమ్మను ఒక పాట ఎత్తుకొమ్మనుండ్రి, గొంతు ఎంతసేపు తిరుగుతదో వినుండ్రి.

ఖోర్ విరాప్ మఠానికి ఆరారత్ కొండను చూసేతందుకు పోవాలె. అప్పటి రాజు గ్రెగోరు అనే క్రైస్తవ సాధువును పడేసిన గుంటలకు ఇనుప నిచ్చెన మీద దిగాలె, అమ్మకు వద్దు. ఆ రాజే ఆయన మాట విని 301ల క్రైస్తవాన్ని రాజ్యమతం చేసిండని వాళ్ల లెక్క. అదే తొవ్వల అరెని ఊరు, నొరావాంక్ మఠం వస్తయి. అరెని గుహల ఐదువేల ఐదొందల ఏండ్ల కిందటి తోలుచెప్పు దొరికింది, లేసులతో సహ. ఆ చెప్పు యెరెవాన్ మ్యూజియంల ఉన్నది.

సెవాన్ చెరువు కాడ మీ నాయినకు ఒక ముచ్చట చెప్పుండ్రి. సోవియట్ల కాలంల సాగుకు, కరెంటుకు నీళ్లు తోడితే మట్టం 20 మీటర్ల దాకా పడిపోయింది, గుడి ఉన్న దీవి గట్టుకు అతికింది. మన సాగర్ల నాగార్జునకొండ దీవి అయింది, అక్కడ దీవి కొండ అయింది. కాల్వ కింద పంట తీసినోడు గద, దాని అర్థం ఆయనకు మనకన్న ఎక్కువ తెలుస్తది. పైన గుడికాడికి మెట్లు చానా ఉన్నయి.

పానగల్లు ఆడపడుచు:
అన్నా, మీది చదివి నాయినకు వినిపిస్తే ఆ గ్రీకు రాత ఫోటో ఉందా అని అడుగుతుండు. తాతెవ్ మఠానికి పోయే రోప్‌వే కూడ చూడాల్నని తమ్ముని కోరిక. పొద్దున పోయి రాత్రికి రావొచ్చా?

మక్తల్ రాతిపని:
ఫోటో తీసిన ఫోన్ ఇప్పుడు లేదు చెల్లే. తాతెవ్ పోయిరావొచ్చు గాని, వద్దు. యెరెవాన్ నుంచి 250 కిలోమీటర్లు, చానా మట్టుకు ఘాట్ రోడ్డు, రానుపోను కారులనే పొద్దు గడుస్తది. తొవ్వల సిసియన్ అనే ఊర్ల ఒక రాత్రి ఆగుండ్రి. దాని దగ్గర్నే జొరాత్స్ కరేర్ అని నిలువురాళ్ల మైదానం ఉన్నది, రెండొందలకు పైగ రాళ్లు. కొన్నిటికి పైన బెజ్జాలున్నయి, వాటి గుండ నక్షత్రాలు చూసేటోళ్లని చెప్తరు. తవ్వితే బయటపడినయి మాత్రం సమాధులు. మా మక్తల్ పక్కన కృష్ణ ఒడ్డుకు ముడుమాల్ల గూడ గిట్లనే మనిషికి రెండింతల నిలువురాళ్లున్నయి, 2025ల యునెస్కో తాత్కాలిక జాబితాలకు ఎక్కినయి. మీ నాయిన ముడుమాల్ చూడకపోతే పోకముందే ఒకసారి తీస్కరాండ్రి, నేను చూపిస్త. అది చూసి పోతే అక్కడ ఎవలూ ఏం చెప్పే పనుండది.

తెల్లారి తాతెవ్ పోవచ్చు. రోప్‌వే 5.7 కిలోమీటర్లు, లోయ మీదికెళ్లి దాటిస్తది, అమ్మకు నడక తప్పుతది. అది నడిచే దినాలు, టైములు తమ్మున్ని ముందే చూసుకొమ్మనుండ్రి. సిసియన్ ఎత్తుమీది ఊరు, సెప్టెంబర్ల గూడ రాత్రికి చలి పెడ్తది. అమ్మకు స్వెటర్, మోకాళ్లకు పట్టీలు సంచిల పైననే పెట్టుకోండ్రి.