పర్లాకిమిడి కోర్టులో కొట్లాట కేసు: ఒప్పుకుని ఫైను కట్టేస్తే పోతుందా?

కాలవగట్టు:
పర్లాకిమిడిలో ఇంటి పక్క మురుగుకాలవ దగ్గర గొడవ. మా బావమరిది మీద బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత) సెక్షన్లు 115(2) కొట్టడం, 126(2) అడ్డగించడం, 296 బూతులు, 351(2) బెదిరింపు పెట్టారు. ఛార్జిషీటు పడింది, ఎస్‌డీజేఎం (సబ్ డివిజనల్ జుడీషియల్ మేజిస్ట్రేటు) కోర్టు సమన్లు వచ్చాయి. అవతలాయనకి పెదవి చిట్లింది, మోచెయ్యి వాచింది, అంతే. కుర్రాడు విశాఖలో ఫ్యాక్టరీ పని, వాయిదా వాయిదాకీ రాలేడు. పెద్దలు రాజీకి కూర్చోబెట్టారు. ఊళ్ళో మాత్రం "ఒప్పేసుకో, ఫైనుతో పోద్ది" అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

నల్లకోటు:
ఒప్పుకోవద్దండీ. ఫైను వందైనా అది శిక్షే, రేపు ఉద్యోగం ఫారంలో రాయాల్సి వస్తుంది. రాజీ అయితే బీఎన్ఎస్ఎస్ (కేసు నడిపే పద్ధతి చెప్పే కొత్త చట్టం) 359 ప్రకారం నిర్దోషిగా విడుదలైనట్టు లెక్క. 115(2)కి గరిష్ఠం ఏడాది జైలు, పదివేల జరిమానా (పాత ఐపీసీ 323లో వెయ్యే). అదీ, 126(2), 351(2) మూడూ కోర్టు అనుమతి లేకుండానే రాజీ పడతాయి. దెబ్బతిన్నాయన స్వయంగా కోర్టుకి వచ్చి రాజీ మెమో (కోర్టుకిచ్చే రాజీ కాగితం) మీద సంతకం పెట్టి, జడ్జి అడిగితే ఇష్టపడే చేస్తున్నానని చెప్పాలి. పెద్దల దగ్గర రాసుకున్న కాగితం ఇంట్లోనే ఉంటే పనికిరాదు.

చిక్కంతా 296తోనే. అది రాజీ జాబితాలో లేదు. మరి ఎందుకు పెట్టారంటారా? ఒక్క 115(2) అయితే నాన్ కాగ్నిజబుల్, మేజిస్ట్రేటు ఆర్డరు లేకుండా పోలీసులు దర్యాప్తు చెయ్యలేరు (బీఎన్ఎస్ఎస్ 174). పక్కన ఒక్క కాగ్నిజబుల్ సెక్షను ఉంటే కేసు మొత్తం దర్యాప్తు చెయ్యొచ్చు. 126(2), 296 ఆ పని చేస్తాయి. అందుకే కొట్లాట కేసుల్లో ఇవి తోకలా వస్తుంటాయి.

కాలవగట్టు:
అయితే 296 ఎలా పోతుంది?

నల్లకోటు:
రెండు దారులు. రాజీ పత్రంతో కటక్ హైకోర్టులో బీఎన్ఎస్ఎస్ 528 కింద కొట్టివేత పిటిషను వెయ్యడం ఒకటి. ఖర్చు, తిరుగుడు. రెండోది, ఆ మూడూ ఇక్కడ రాజీ చేసి, మిగిలిన 296కి విచారణ ఎదుర్కోవడం. ఏ మాట అన్నాడో, బహిరంగ ప్రదేశమేనా, విన్నవాళ్ళకి ఇబ్బంది కలిగిందా, ఇవన్నీ సాక్ష్యంలో రావాలి. ఎఫ్ఐఆర్లో "బూతులు తిట్టాడు" అని మాత్రమే ఉంటే నిలవడం కష్టం. నా లెక్కన ఇదే మేలు.

మహేంద్రతనయ:
ముందు ఇంజ్యురీ రిపోర్టు నకలు తీయించండి. పన్ను విరిగిందనో, ఎముక చిట్లిందనో ఎక్స్‌రేలో తేలితే బీఎన్ఎస్ 117(2) (తీవ్ర గాయం) అవుతుంది, ఏడేళ్ళ సెక్షను. తీవ్రమైన నొప్పి కొన్నాళ్ళు సాగినా తీవ్ర గాయమే; దానికి పాత చట్టంలో ఇరవై రోజులుండేది, ఇప్పుడు పదిహేనే. ఆయన పాతపట్నంలో వైద్యం చేయించుకుని ఉంటే ఆ డాక్టరు సాక్ష్యానికి ఆంధ్రా నుంచి రావాలి, కేసు సాగుతుంది.

మొదటి వాయిదాకి మనిషి రావాల్సిందే. అన్నీ బెయిలబుల్ సెక్షన్లు కాబట్టి బెయిలు హక్కు. జామీనుకి ఒడిశా వైపు మనిషిని చూసుకోండి, ఆంధ్రా వైపు భూమి పాసుపుస్తకం తెస్తే సరిచూసేదాకా ఆలస్యం. అదే రోజు బీఎన్ఎస్ఎస్ 228 కింద హాజరు మినహాయింపు అడగండి. అది దొరక్కపోతే రాలేని ప్రతి వాయిదాకీ 355 పిటిషను పడాలి. ఒక్కసారి మరిచిపోయినా వారంటు రావచ్చు. సాక్ష్యం అర్థం కాని భాషలో సాగితే వివరించమని కోర్టుకి చెప్పొచ్చు, 314లో ఉంది. సిగ్గుపడి తలూపొద్దు.

కాలవగట్టు:
మా ఫిర్యాదు స్టేషన్లో తీసుకోలేదు. ఇప్పుడు వెయ్యొచ్చా?

నల్లకోటు:
115(2)కి గొడవ జరిగిన రోజు నుంచి ఏడాదే గడువు (బీఎన్ఎస్ఎస్ 514). కోర్టులో ప్రైవేటు కంప్లయింటు 223 కింద వెయ్యొచ్చు. అవతలివాళ్ళ వాదన వినకుండా కోర్టు కాగ్నిజెన్స్ తీసుకోదు, అంటే కేసు విచారణకి స్వీకరించదు. వేశాక మీరు వాయిదాకి రాకపోతే 279 కింద వాళ్ళు నిర్దోషులైపోవచ్చు. రాజీ నిజంగా కుదిరేలా ఉంటే ఇది వెయ్యకండి, మాటలు చెడతాయి. వేసేస్తే మాత్రం రెండు కేసుల రాజీ మెమోలూ ఒకే రోజు దాఖలు చెయ్యండి.