ఇంటి వెనక గ్యారేజీల దగ్గర రోజూ ఇదే గొడవ. నైబర్‌హుడ్ పోలీస్ టీమ్‌కి చెబితే పనవుతుందా?

పెరటి_కిటికీ

నమస్తే అండి. మేం ఇంగ్లండ్‌లో, మిడ్‌ల్యాండ్స్ వైపు ఒక చిన్న టౌన్‌లో ఉంటాం. ఇల్లు కొనుక్కుని ఏడాది దాటింది. పెరటి కంచె అవతల 12 గ్యారేజీల వరస, దాని పక్కనుంచే స్కూలుకి పోయే కాలిబాట. పిల్లాణ్ణి ఐదు నిమిషాల్లో దింపి రావచ్చని, ఈ బాట చూసే ఇల్లు కొన్నాం. ఇప్పుడు అదే తలనొప్పి అయి కూర్చుంది.

సాయంత్రం ఐదు దాటాక నలుగురైదుగురు కుర్రాళ్ళు చేరతారు. నంబర్ ప్లేటు లేని బైకు ఒకటి కాలిబాట మీదే ఆ చివర నుంచి ఈ చివరకి తిరుగుతుంది. పొద్దున వెళ్ళి చూస్తే నేలంతా బెలూన్లు, మత్తు కోసం బెలూన్లలో నింపి పీల్చే లాఫింగ్ గ్యాస్ సిలిండర్లు, ఫ్లాస్కంత పొడుగువి. మావాడు రాకెట్ అనుకుని ఒకటి బ్యాగులో వేసుకుని ఇంటికి తెచ్చాడు.

అత్తగారు ఇండియా నుంచి వచ్చి రెండు నెలలైంది. ఆవిడకి వెనక కిటికీయే టీవీ. "మీ ఊళ్ళో పోలీసులు లేరా అమ్మాయ్?" అని రోజూ అడుగుతారు. ఒకసారి 101కి, అదే అత్యవసరం కానివాటికి ఉండే పోలీసు నంబర్‌కి, ఫోన్ చేశాను. 25 నిమిషాలు లైన్లో ఉన్నాక ఇక్కడ పిల్లాడు ఏడుపు మొదలెడితే పెట్టేశాను. వీధి వాట్సాప్ గ్రూపులో మాత్రం రోజూ ఇదే రామాయణం, వీడియోలు, తిట్లు.

మొన్న తలుపులోంచి ఒక కాగితం పడింది, "మీ నైబర్‌హుడ్ పోలీసింగ్ టీమ్" అని ఇద్దరి ఫోటోలతో. వీళ్ళు నిజంగా ఏమైనా చేస్తారా, ఫోటోల వరకేనా? మేమే చెప్పామని ఆ కుర్రాళ్ళకి తెలిసిపోతే ఎలా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

రెండో_తాళంచెవి

ఆశలు పెట్టుకోకండి. మా ఇంటి ముందు నుంచి కారు ఎత్తుకుపోతే మర్నాటికి ఒక క్రైమ్ రిఫరెన్స్ నంబర్ వచ్చింది, నాలుగోనాటికి కేసు మూసేశామని మెసేజ్ వచ్చింది. కెమెరా ఫుటేజీ ఉంది బాబూ అంటే అడిగిన పాపాన పోలేదు. ఆ నంబర్ ఇన్సూరెన్స్ వాళ్ళకి చూపించుకోడానికి పనికొచ్చింది, అంతే. మీ డబ్బుతో మీరే ఒక మంచి లైటు పెట్టించుకోండి.

తలారి_మామ

నేను మా వీధికి నైబర్‌హుడ్ వాచ్ కోఆర్డినేటర్‌ని, అంటే ఇరుగుపొరుగు కలిసి వీధిని కనిపెట్టుకునే బృందానికి పెద్దని. తొమ్మిదేళ్ళ నుంచీ చేస్తున్నాను, మా ఆవిడ "తలారి గారూ" అని పిలుస్తుంది. అందుకే ఈ పేరు.

పై ఆయన కోపం న్యాయమే. కానీ ఆయనకి చేదు అనుభవం అయింది వేరే వాళ్ళతో. అత్యవసరమని 999 కొడితే పరిగెత్తుకొచ్చేది రెస్పాన్స్ వాళ్ళు. కారు పోతే కాగితాలు తిప్పేది దర్యాప్తు వాళ్ళు. నైబర్‌హుడ్ టీమ్ అంటే ఒక సార్జెంట్, కొద్దిమంది కానిస్టేబుళ్ళు, పీసీఎస్‌వోలు. ఒకేచోట మళ్ళీ మళ్ళీ జరిగేదాన్ని ఆపడం వీళ్ళ పని. మీది సరిగ్గా అలాంటిదే.

పీసీఎస్‌వోలంటే పోలీసులకి తోడుగా యూనిఫాంలో వీధులు తిరిగే సహాయ సిబ్బంది, 2002 నాటి పోలీస్ రిఫార్మ్ చట్టంతో వచ్చారు. అరెస్టు చేసే అధికారం లేదు. అలాంటప్పుడు వీళ్ళెందుకయ్యా అని నేనూ మొదట్లో వెక్కిరించినవాణ్ణే. మా వీధి మలుపులో రాత్రిళ్ళు కార్లు ఆగి సరుకు చేతులు మారుతుండేది. మా పీసీఎస్‌వో ఒకరోజు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, ఆ కుర్రాళ్ళు నిలబడే చోటే గోడకి వీపు ఆనించి నిలబడింది. "రండి, మీరూ ఇక్కడ నిలబడి చూడండి" అంది. నిలబడితే తెలిసింది. నెత్తిన చూరు ఉంది, వాన పడదు. వీధి దీపం ఆరిపోయి ఉంది. పారిపోడానికి రెండు దారులు. ఏ ఇంటి కిటికీలోంచీ ఆ మూల కనబడదు, ఒక పొద అడ్డం. తొమ్మిదేళ్ళు ఆ దారిన నడిచినవాణ్ణి, నాకు ఏ రోజూ తట్టలేదు. కౌన్సిల్ చేత దీపం వేయించి, పొద కొట్టించి, ఒక దారికి గేటు పెట్టించింది. ఒక్కణ్ణీ పట్టుకోలేదు, కానీ కార్లు రావడం మానేశాయి.

ఇక మీ సంగతి. వాట్సాప్‌లో 40 మంది 400 మెసేజ్‌లు పెట్టుకున్నా పోలీసుల కంప్యూటర్లో మీ వీధి ప్రశాంతంగానే ఉంటుందమ్మా. ఎవరి ఫిర్యాదు వాళ్ళు వేయాలి. 101 కోసం గంటలు కూర్చోనక్కర్లేదు, మీ పోలీసు వెబ్‌సైట్‌లో ఫారం ఉంటుంది. ప్రతిసారీ రిఫరెన్స్ నంబర్ తీసి ఉంచుకోండి. బైకు పిల్లల మీదకి వస్తుంటే మాత్రం, అప్పటికప్పుడు 999. మొహమాటపడొద్దు.

పోలీస్ డాట్ యూకేలో పోస్ట్‌కోడ్ కొడితే మీ టీమ్ ఎవరో, వాళ్ళ మీటింగ్ ఎప్పుడో వస్తుంది. ఏ సమస్యలు ముందు పట్టుకోవాలో స్థానికులనడిగే తేల్చుకుంటారు. ఆ మీటింగులకి వచ్చేది నాలాంటి ముసలాళ్ళు ఆరుగురు. అందుకే ఎప్పుడు చూసినా పార్కింగే మొదటి సమస్య! మీరు ముగ్గురు తల్లులు వెళ్ళి కూర్చున్నా వరస మారిపోతుంది. 2025లో ప్రభుత్వం ప్రతి ప్రాంతానికీ పేరుతో ఒక ఆఫీసర్ ఉండాలని, స్థానిక సమస్యల మీద అడిగినదానికి 72 గంటల్లో జవాబివ్వాలని హామీ ఇచ్చింది. ఈమెయిల్‌లో ఆ మాట గుర్తు చేయండి, తప్పేం లేదు.

వాళ్ళ చేతిలో ఆయుధాలు లేకపోలేదు. లాఫింగ్ గ్యాస్ 2023 నవంబరు నుంచి క్లాస్ సీ మాదకద్రవ్యం, మత్తు కోసం దగ్గర పెట్టుకున్నా నేరమే. బైకుకి ఆ 2002 చట్టంలోనే సెక్షన్ 59 ఉంది. మామూలుగా మొదట హెచ్చరిక, మళ్ళీ తిప్పితే బండి జప్తు. కుర్రాళ్ళ చేత, తల్లిదండ్రుల చేత ఇక అల్లరి మానేస్తామని ఒప్పంద పత్రం మీద సంతకాలు పెట్టిస్తారు. అదొట్టి కాగితమే అయినా కొందరి ఇళ్ళల్లో బాగానే పనిచేస్తుంది. ఇన్ని చెప్పినా కదలకపోతే ఇలాంటి వీధి అల్లర్ల మీద వచ్చిన 2014 చట్టం కింద కేస్ రివ్యూ అడగండి. చాలా చోట్ల ఆరు నెలల్లో మూడు ఫిర్యాదులుంటే చాలు. పోలీసులు, కౌన్సిల్, హౌసింగ్ వాళ్ళు కలిసి కూర్చుని ఎవరేం చేశారో చూసుకోక తప్పదు.

ఆ గ్యారేజీలు ఎవరివో కనుక్కున్నారా? ల్యాండ్ రిజిస్ట్రీలో 7 పౌండ్లు కడితే యజమాని పేరు వస్తుంది. మీ సమస్యకి సగం తాళంచెవి అక్కడే ఉంటుంది.

హైవిజ్_తమ్ముడు

నేను వేరే కౌంటీలో పీసీఎస్‌వోని. మామగారు చెప్పినవాటికి రెండు మూడు కలుపుతాను.

అక్కా, ఆ వీడియోలు గ్రూపులో పెట్టడం ఆపించండి. వాళ్ళలో మైనర్లుంటారు, పైగా ఏ ఇంటి మేడ మీంచి తీశారో చూడగానే తెలిసిపోతుంది. మీ భయం నిజమయ్యేది మా వల్ల కాదు, ఆ వీడియోల వల్ల. ఫిర్యాదులోనే "ఇంటికి రావద్దు, ఫోన్ చేయండి" అని రాయండి, మేం బయట ఎక్కడైనా కలుస్తాం. పేరే వద్దనుకుంటే క్రైమ్‌స్టాపర్స్ ఉంది, 0800 555 111. అది స్వచ్ఛంద సంస్థ, పోలీసు కాదు, పేరు అడగరు.

"నల్ల జాకెట్ వేసుకున్న కుర్రాళ్ళు" అని రాస్తే మాకు ఒరిగేదేం ఉండదు, ఊళ్ళో అందరివీ నల్ల జాకెట్లే. ఏ రోజు, ఎన్నింటికి, బండి ఏ వైపు నుంచి వచ్చి ఏ వైపు పోయింది, ఇవి రాయండి. బైకుని వెంటాడితే ఎవరో ఒకరు గుద్దుకుని పోతారు, అందుకని మేం చాలాసార్లు వెంటాడం. రాత్రి అది ఎక్కడ నిద్రపోతుందో కనిపెడతాం.

ఇంకో నిజం కూడా చెప్పాలి. 2010లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి దాదాపు 17 వేల మంది పీసీఎస్‌వోలు ఉండేవాళ్ళు, ఇప్పుడు అందులో సగం కూడా లేరు. మా కానిస్టేబుళ్ళని ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంటే అటు లాగేస్తారు. జవాబు ఆలస్యమైతే మళ్ళీ రాయండి, విసుక్కోం.

పెరటి_కిటికీ

తొమ్మిది వారాల తర్వాత వచ్చాను, సారీ.

మీరు రోజులు, టైములు రాయమన్నారని ఆ సాయంత్రం ఇంట్లో చెబితే, అత్తగారు వంటింట్లోకి వెళ్ళి గోడ మీది తెలుగు క్యాలెండర్ తీసుకొచ్చారు. ఇండియాలో పాల లెక్క రాసుకునే అలవాటు ఆవిడకి. ఒక్కో గడిలో వర్జ్యం పక్కన పెన్సిల్‌తో "బై 5.40", "బై 6.15". వచ్చిన రెండో వారం నుంచీ రాస్తూనే ఉన్నారట! కొన్ని గళ్ళలో "బై" ముందు "ష" అని కూడా ఉంది. అదేంటంటే, "షట్టర్. ముందు షట్టర్ చప్పుడు, తర్వాతే బైకు. మళ్ళీ బైకు, తర్వాత షట్టర్. ఆ బండి బయట నుంచి రావట్లేదే" అన్నారు.

ఏడాదిగా ఈ ఇంట్లో ఉన్నాం, మాలో ఒక్కరికీ చెవిన పడలేదు.

ఫారంలో అన్నీ ఎక్కించాను. వీధిలో ఇంకో నలుగురి చేత విడివిడిగా వేయించాను. పీసీఎస్‌వో లైబ్రరీలో కలిసింది, క్యాలెండర్ మొత్తం ఫోటోలు తీసుకుంది. గళ్ళలో అచ్చయిన చిన్న అంకెలేంటని అడిగితే రాహుకాలం గురించి చెప్పాల్సొచ్చింది. అవి కూడా బైకు టైములేమో అనుకుందట.

గ్యారేజీలు ఒక హౌసింగ్ అసోసియేషన్‌వి, అంటే తక్కువ అద్దెకి ఇళ్ళిచ్చే సంస్థవి. అద్దెకి తీసుకున్నాయన వేరేవాళ్ళకి తాళాలిచ్చేశాడు. బైకు కుర్రాడికి హెచ్చరిక ఇచ్చారు. పదిరోజులు ఊరుకుని మళ్ళీ తిప్పాడు, ఈసారి బండి పట్టుకుపోయారు. గ్యారేజీ కూడా వెనక్కి తీసుకున్నారు. లైటు మాత్రం ఇంకా రాలేదు, అది కౌన్సిల్ పనా హౌసింగ్ వాళ్ళ పనా అని రెండు ఈమెయిళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నాయి. కుర్రాళ్ళు ఇప్పుడు పై వీధి బస్ షెల్టర్‌లో చేరుతున్నారు. ఆ వీధిలో ఉండే ఒకావిడకి ఈ పేజీ లింక్ పంపాను.

అత్తగారు వచ్చే నెల వెళ్ళిపోతున్నారు. క్యాలెండర్ తనతో తీసుకెళ్తానన్నారు. ఇవ్వనన్నాను, డిసెంబరు దాకా గళ్ళున్నాయి.