హొబోకెన్ టెర్మినల్‌ని మళ్లీ వరద ముంచకుండా ఏం చేయాలి?

జెర్సీ_రాధ: రోజూ న్యూజెర్సీలోని ఈ రైల్వే స్టేషన్ మీదుగానే ఆఫీసుకి వెళ్తాను. 1907లో కట్టింది. వెయిటింగ్ హాల్లో తలెత్తితే టిఫనీ అనే అమెరికన్ కళాకారుడి రంగు గాజు పైకప్పు, ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు. 2012 అక్టోబరు 29న శాండీ తుఫానుకి పక్కనున్న హడ్సన్ నది పొంగి అదే హాల్లో దాదాపు ఐదడుగుల నీళ్లు నిలిచాయి. తుఫాను సీజన్ వస్తే నాకు టెన్షనే. తలుపులకి గట్టి అడ్డుపలకలు బిగిస్తే సరిపోదా?

సున్నం_ఇటుక: పాత కట్టడాల మరమ్మతు నా పని. పలకలొక్కటే చాలవండీ. బయట ఐదడుగుల నీళ్లుండి లోపల పొడిగా ఉంటే గోడ అడుగున చదరపు మీటరుకి సుమారు ఒకటిన్నర టన్నుల ఒత్తిడి పడుతుంది. ఆ తోపుని తట్టుకునేలా కట్టని గోడ బీటలు వారుతుంది. అలాంటిచోట నీళ్లని లోపలికి రానివ్వడమే నయం. కరెంటు ప్యానెళ్లు, మోటార్లు మాత్రం ముందే పైకి మార్చేయాలి.

పాత్_ప్రయాణికుడు: తలుపులు మూసినా నీళ్లు ఇంకో దారి వెతుక్కుంటాయి. ఆ రాత్రి కింద పాత్ (న్యూయార్క్ వెళ్లే మెట్రో రైలు) స్టేషన్‌లో లిఫ్టు తలుపుల్లోంచి తన్నుకొచ్చాయి, ఆ సీసీటీవీ ఫొటో చాలామంది చూసే ఉంటారు. హొబోకెన్‌కి పాత్ రైళ్లు మళ్లీ నడిచింది డిసెంబరు 19న.

గోదారి_గట్టు: మాది కోనసీమ. వరదొస్తోందంటే మావాళ్లు ముందు చూసేది ఏటిగట్టుని, ఇంటి గుమ్మాన్ని కాదు. ఇక్కడా అంతే రాధ గారూ. రైలు యార్డు పక్కన లాంగ్ స్లిప్ అని వాడకంలో లేని పడవల కాలువ ఉండేది, శాండీ నీళ్లు అందులోంచి కూడా యార్డులోకి ఎక్కాయి. దాన్ని పూడ్చేసి, ఆ ఎత్తు మీద ఆరు పట్టాలు వేయాలన్నది ఎన్‌జే ట్రాన్సిట్ (న్యూజెర్సీ ప్రభుత్వ రవాణా సంస్థ) పథకం. నా దృష్టిలో స్టేషన్‌కి అసలు రక్షణ అదే.

జెర్సీ_రాధ: మరి అప్పటికీ నీళ్లు వచ్చేస్తే? చెక్క బెంచీలు, గోడలు?

సున్నం_ఇటుక: నీళ్లు తోడాక ముందు మంచినీళ్లతో కడగాలి. సముద్రపు పోటుతో వచ్చి లోపలికి ఇంకిన ఉప్పు ఆరేకొద్దీ పలుకులు కట్టి గోడ పెచ్చులు ఊడదీస్తుంది. హీటర్లు పెట్టి గబగబా ఆరబెట్టొద్దు, చెక్క పగులుతుంది. గాలి ఆడేలా ఉంచి ఓపిక పట్టాలి. త్వరగా అయిపోతుందని ఎవరైనా సిమెంటు పూత వేస్తామంటే ససేమిరా ఒప్పుకోవద్దు, చెమ్మ లోపలే ఉండిపోతుంది. సున్నం ఉన్నచోట మళ్లీ సున్నమే వాడాలి.